రుడాల్ఫ్ విర్కో

రుడాల్ఫ్ లుడ్విగ్ కార్ల్ విర్కో (1821 అక్టోబరు 13 - 1902 సెప్టెంబరు 5) ప్రసిద్ధ జర్మన్ వైద్యుడు, వ్యాధి విజ్ఞాన శాస్త్రవేత్త, మానవ శాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. ఇతడిని ఆధునిక వ్యాధి విజ్ఞాన శాస్త్ర పితామహుడిగా పరిగణిస్తారు. వ్యాధి అనేది శరీరంలోని కణాలలో కలిగే మార్పు అని ప్రతిపాదించిన కణ వ్యాధి శాస్త్రం ఇతని ముఖ్యమైన కృషి. రక్తనాళాలలో గడ్డలు ఎలా ఏర్పడతాయో, అవి విడిపోయి రక్తప్రవాహంలో ఎలా ప్రయాణించి దూరంగా ఉన్న అవయవాలను దెబ్బతీస్తాయో మొదటిసారిగా ప్రయోగపూర్వకంగా నిరూపించినది కూడా ఇతడే. త్రాంబోసిస్, ఎంబోలిజం అనే పదాలను వైద్యశాస్త్రంలో నేటి అర్థంలో స్థిరపరిచాడు. మెదడుకు రక్తసరఫరా ఆగిపోవడం వలన వచ్చే పక్షవాతానికి నేడు వాడుతున్న మందులు, వాటిని కలిపి ఇచ్చే పద్ధతులు ఈ అవగాహన మీదనే ఆధారపడి ఉన్నాయి.

బాల్యం, విద్యాభ్యాసం

విర్కో 1821 అక్టోబరు 13న ప్రష్యా రాజ్యంలోని పొమెరేనియా ప్రాంతానికి చెందిన షీవెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం పోలండ్ దేశంలో ష్విద్విన్ పేరుతో ఉన్నది. తండ్రి కార్ల్ క్రిస్టియన్ సీగ్‌ఫ్రీడ్ విర్కో వ్యవసాయదారుడు, పట్టణ కోశాధికారి. తల్లి జొహాన్నా మరియా. వారికి ఇతడు ఏకైక సంతానం. కుటుంబం ఆర్థికంగా అంత ఉన్నత స్థితిలో ఉండేది కాదు. చిన్ననాటి నుండి భాషలపై ఆసక్తి చూపిన విర్కో లాటిన్, గ్రీకు తదితర భాషలను బాగా నేర్చుకున్నాడు. ఉన్నత పాఠశాల విద్య కోస్లిన్ పట్టణంలో పూర్తి చేసాడు.

1839లో బెర్లిన్‌లోని ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ సంస్థలో ఉపకారవేతనంతో చేరాడు. ప్రష్యా సైన్యానికి వైద్యులను తయారు చేయడం ఈ సంస్థ ఉద్దేశం. చదువు ఉచితం కావడంతో సామాన్య కుటుంబాల నుండి వచ్చిన ప్రతిభావంతులకు ఇది మంచి అవకాశంగా ఉండేది. అక్కడ శరీరధర్మ శాస్త్రవేత్త జోహాన్నెస్ ముల్లర్, వైద్యుడు యోహాన్ లుకాస్ షోన్‌లైన్ ఇతనికి గురువులు. ఊహల మీద గాక పరిశీలన, ప్రయోగాల మీద వైద్యం నిలబడాలన్న దృష్టి వీరి వద్ద అలవడింది. 1843లో వైద్యశాస్త్రంలో డాక్టరేట్ పట్టా పొందాడు.

షారిటే ఆసుపత్రిలో

పట్టా పొందిన తరువాత విర్కో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో చేరాడు. అక్కడ శవపరీక్షల విభాగాన్ని నిర్వహిస్తున్న రాబర్ట్ ఫ్రోరీప్ వద్ద సహాయకుడిగా పనిచేసాడు. సూక్ష్మదర్శినితో కణజాలాలను పరిశీలించడం, రోగి బ్రతికి ఉండగా కనిపించిన లక్షణాలను మరణానంతరం శరీరంలో కనిపించిన మార్పులతో పోల్చడం ఇక్కడే నేర్చుకున్నాడు. 1846లో ఫ్రోరీప్ వెళ్ళిపోయిన తరువాత ఆ పదవి విర్కోకు లభించింది.

1845లో ఒక రోగి మరణానంతరం రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉండడం గమనించి, దానిని ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. అదే సంవత్సరం స్కాట్లాండ్‌లో జాన్ హ్యూస్ బెన్నెట్ కూడా ఇటువంటి వ్యాధినే వర్ణించాడు. బెన్నెట్ దీనిని రక్తంలో చీము చేరడంగా భావించగా, విర్కో మాత్రం ఇది చీము కాదని, తెల్లకణాలకు సంబంధించిన మార్పు అని గుర్తించాడు. ఈ వ్యాధికి ల్యుకేమియా అన్న పేరు పెట్టినది విర్కోనే.

తన వ్యాసాలను ప్రచురించడానికి అప్పటి పత్రికలు ముందుకు రాకపోవడంతో, 1847లో మిత్రుడు బెన్నో రైన్‌హార్ట్‌తో కలిసి స్వయంగా ఒక వైద్య పత్రికను ప్రారంభించాడు. 1852లో రైన్‌హార్ట్ మరణించిన తరువాత విర్కో ఒక్కడే దానిని చివరి వరకు నడిపాడు. ఆ పత్రిక తరువాతి కాలంలో విర్కో పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

రక్తపు గడ్డలపై పరిశోధన

అప్పటి అభిప్రాయాలు

హఠాత్తుగా స్పృహ తప్పి, శరీరంలో ఒక పక్క చచ్చుబడిపోవడాన్ని ప్రాచీన గ్రీకు వైద్యులు అపోప్లెక్సీ అనేవారు. 1658లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ శవపరీక్షల ఆధారంగా దీనికి మెదడులో రక్తస్రావం ఒక కారణమని చూపించాడు. మెదడుకు వెళ్ళే నాళాలు మూసుకుపోవడం వలన కూడా ఇది కలుగవచ్చునని సూచించాడు. అయినా ఆ తరువాత రెండు వందల సంవత్సరాల వరకు నాళాలు ఎందుకు మూసుకుపోతాయన్నది స్పష్టం కాలేదు. కొందరు రోగుల మెదడులో మెత్తబడిన భాగాలు కనిపించేవి. వాటిని చాలామంది వాపు వలన కలిగినవిగా భావించేవారు.

19వ శతాబ్దం తొలి భాగంలో ఫ్రెంచి వైద్యుడు జాన్ క్రూవీలియే సిరల వాపే వ్యాధులన్నింటికీ మూలమని బోధించాడు. నాళపు గోడ వాచినప్పుడు అక్కడ గడ్డ ఏర్పడుతుందని ఆయన అభిప్రాయం. ఈ సిద్ధాంతం ప్రకారం ఊపిరితిత్తులలో గడ్డ కనిపిస్తే అది అక్కడి నాళాల వాపు వలన అక్కడే పుట్టి ఉండాలి. ఫ్రోరీప్ తన సహాయకుడైన విర్కోకు ఈ సిరల వాపు సమస్యనే పరిశోధనాంశంగా ఇచ్చాడు.

ప్రయోగాలు

విర్కో శవపరీక్షలలో పుపుస ధమనిలో గడ్డ కనిపించినప్పుడల్లా శరీరంలోని మిగిలిన సిరలను కూడా వెతికాడు. చాలా సందర్భాలలో కాళ్ళ సిరలలోనో, కటి ప్రాంతపు సిరలలోనో మరొక గడ్డ కనిపించేది. ఊపిరితిత్తులలో గడ్డ ఉన్నచోట నాళపు గోడ మాత్రం తరచుగా ఆరోగ్యంగానే ఉండేది. గడ్డ అక్కడ పుట్టలేదని, మరొక చోట పుట్టి, దానిలో కొంత భాగం విడిపోయి, రక్తంతో పాటు గుండె గుండా ప్రయాణించి ఊపిరితిత్తులకు చేరిందని విర్కో ఊహించాడు. 1846లో దీనిపై తొలి వ్యాసం ప్రచురించాడు.

ఊహను నిరూపించడానికి కుక్కలపై ప్రయోగాలు చేసాడు. మెడలోని సిర గుండా రబ్బరు ముక్కలను, రక్తపు గడ్డలను, కండర భాగాలను లోపలికి పంపాడు. కొంతకాలం తరువాత పరీక్షించగా అవి పుపుస ధమని శాఖలలో ఇరుక్కుని కనిపించాయి. వాటి చుట్టూ క్రొత్త గడ్డలు కూడా ఏర్పడినాయి. సిరలోని వస్తువు ఊపిరితిత్తులకు ప్రయాణించగలదని, నాళం ముందుగా వాచకపోయినా గడ్డ ఏర్పడగలదని దీనితో తేలింది.

మెదడు ధమనులు

సిరలలోని గడ్డ ఊపిరితిత్తులకు చేరితే, గుండె ఎడమ భాగంలోనో, పెద్ద ధమనులలోనో పుట్టిన గడ్డ ఎక్కడికి చేరుతుందన్నది తరువాతి ప్రశ్న. 1847లో ధమనుల వాపుపై వ్రాసిన వ్యాసంలో విర్కో దీనికి సమాధానం చెప్పాడు. గుండె కవాటాలపై ఏర్పడిన పదార్థం విడిపోయి ధమనుల గుండా మెదడు, మూత్రపిండాలు, ప్లీహం, కాళ్ళు, చేతుల వరకు ప్రయాణించగలదని చూపించాడు. ధమని మూసుకుపోయిన చోట రక్తం అందక కణజాలం నశిస్తుంది. మెదడు మెత్తబడడం వాపు వలననే కాక, ఈ విధంగా రక్తం అందకపోవడం వలన కూడా కలుగుతుందని దీనితో అర్థమైంది. 1852లో లండన్ వైద్యుడు విలియం సెన్‌హౌస్ కిర్క్స్ గుండె కవాటాల నుండి విడిపోయిన పదార్థం మెదడు ధమనులను మూసివేసిన సందర్భాలను వర్ణించి ఈ విషయాన్ని బలపరిచాడు.

ఈ పరిశోధనలన్నింటినీ 1856లో వెలువడిన తన వ్యాసాల సంకలనంలో విర్కో ఒకచోట చేర్చాడు. నాళంలో గడ్డ ఏర్పడడాన్ని త్రాంబోసిస్ అని, ఆ గడ్డ విడిపోయి ప్రయాణించి మరొక చోట నాళాన్ని మూసివేయడాన్ని ఎంబోలిజం అని పిలిచాడు. ఇతని శిష్యుడు యూలియస్ కోన్‌హైమ్ 1872లో ధమని మూసుకుపోయిన తరువాత కణజాలంలో జరిగే మార్పులను ప్రయోగాల ద్వారా మరింత వివరంగా చూపించాడు.

విర్కో త్రయం

రక్తనాళంలో గడ్డ ఏర్పడడానికి మూడు రకాల కారణాలు ఉంటాయని వైద్య విద్యార్థులు నేటికీ చదువుకుంటారు. దీనిని విర్కో త్రయం అంటారు.

* నాళపు గోడ దెబ్బతినడం
* రక్తప్రవాహం మందగించడం లేదా క్రమం తప్పడం
* రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ కావడం

విర్కో స్వయంగా ఈ మూడింటిని ఒక త్రయంగా పేర్కొనలేదు. ఇతని రచనలలోని అంశాల ఆధారంగా ఈ పేరు 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది.

సైలీషియా పర్యటన, 1848 విప్లవం

1847-48లో ప్రష్యాలోని ఎగువ సైలీషియా ప్రాంతంలో కరువుతో పాటు టైఫస్ జ్వరం వ్యాపించి వేలాది మంది మరణించారు. పత్రికలలో విమర్శలు రావడంతో ప్రభుత్వం పరిస్థితిని పరిశీలించడానికి 1848 ఫిబ్రవరిలో విర్కోను అక్కడికి పంపింది. అప్పటికి ఇతని వయసు 26 సంవత్సరాలు. సుమారు మూడు వారాల పాటు ఇతడు గ్రామాలలో తిరిగి ఇళ్ళను, ఆహారాన్ని, రోగులను పరిశీలించాడు. అక్కడి ప్రజలలో ఎక్కువమంది పోలిష్ భాష మాట్లాడే నిరుపేదలు. వారికి చదువు గాని, భూమి గాని, పరిపాలనలో భాగం గాని లేవు.

విర్కో సమర్పించిన నివేదిక ప్రభుత్వం ఆశించినట్లుగా లేదు. వ్యాధి లక్షణాలను వివరించిన తరువాత, దీనికి మూలం పేదరికం, నిరక్షరాస్యత, ప్రభుత్వ నిర్లక్ష్యమేనని పేర్కొన్నాడు. మందులు పంపితే సరిపోదని, ప్రజలకు స్వేచ్ఛ, వారి మాతృభాషలో విద్య, స్థానిక స్వపరిపాలన, న్యాయమైన పన్నుల విధానం, మంచి రహదారులు కావాలని సూచించాడు. వైద్యం ఒక సామాజిక శాస్త్రమని, రాజకీయం విస్తృత స్థాయిలో చేసే వైద్యమేనని ఇతడు భావించాడు. సామాజిక వైద్య రంగంలో ఈ నివేదికను మార్గదర్శకంగా పరిగణిస్తారు.

బెర్లిన్ తిరిగివచ్చిన కొద్ది రోజులకే 1848 మార్చి విప్లవం మొదలైంది. విర్కో విప్లవకారుల పక్షాన వీధులలో అడ్డుగోడలు నిర్మించడంలో పాల్గొన్నాడు. అదే సంవత్సరం జూలైలో రుడాల్ఫ్ లాయ్‌బుషర్‌తో కలిసి వైద్య సంస్కరణ అనే అర్థం వచ్చే పేరుతో ఒక వారపత్రిక ప్రారంభించాడు. పేదలకు వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని అందులో వాదించాడు. విప్లవం విఫలమైన తరువాత 1849 మార్చిలో ప్రభుత్వం ఇతడిని పదవి నుండి తొలగించింది. తరువాత షరతులతో తిరిగి తీసుకున్నా, బెర్లిన్‌లో కొనసాగడం కష్టమైంది. పత్రిక కూడా 1849లోనే ఆగిపోయింది.

వుర్జ్‌బర్గ్, కణ వ్యాధి శాస్త్రం

1849 చివరలో విర్కో బవేరియాలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరాడు. జర్మనీలో వ్యాధి శరీర నిర్మాణ శాస్త్రానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన మొదటి ఆచార్య పీఠం ఇదే. 1850లో రోజ్ మేయర్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఆరుగురు సంతానం. వుర్జ్‌బర్గ్‌లో గడిపిన ఏడు సంవత్సరాలు ఇతని శాస్త్రీయ జీవితంలో అత్యంత ఫలవంతమైనవి.

అప్పటి వరకు అనేకమంది కణాలు ఒక రకమైన ద్రవం నుండి స్ఫటికాల వలె పుట్టుకు వస్తాయని నమ్మేవారు. వ్యాధులకు రక్తంలోని దోషాలే కారణమని వియన్నాకు చెందిన కార్ల్ రొకిటాన్‌స్కీ బోధించేవాడు. విర్కో ఈ రెండింటినీ వ్యతిరేకించాడు. ప్రతి కణం అంతకు ముందున్న మరొక కణం నుండి మాత్రమే పుడుతుందని 1855లో ప్రకటించాడు. పోలండ్‌లో పుట్టిన యూదు శాస్త్రవేత్త రాబర్ట్ రీమాక్ కణ విభజనను అంతకు ముందే గమనించి వెల్లడించాడు. ఆ విషయంలో రీమాక్‌కు తగిన గుర్తింపు ఇవ్వలేదని విర్కోపై విమర్శ ఉన్నది.

1856లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఇతడిని తిరిగి ఆహ్వానించింది. ఇతని కోసం షారిటేలో ఒక క్రొత్త వ్యాధి విజ్ఞాన సంస్థను నిర్మించారు. 1858లో అక్కడ వైద్యులకు ఇచ్చిన 20 ఉపన్యాసాలు అదే సంవత్సరం పుస్తకంగా వెలువడినాయి. శరీరం కణాల సమాజం వంటిదని, వ్యాధి బయటినుండి వచ్చి చేరే వస్తువు కాదని, కణాలు మారిన పరిస్థితులలో పనిచేయడమేనని అందులో వివరించాడు. ఈ పుస్తకం వెంటనే అనేక భాషలలోకి అనువాదమైంది.

ఇతని వద్ద పనిచేసిన వారిలో యూలియస్ కోన్‌హైమ్, ఫ్రెడరిక్ వాన్ రెక్లింగ్‌హౌజెన్, ఫెలిక్స్ హోప్-సైలర్, ఎడ్విన్ క్లెబ్స్ ముఖ్యులు. ఇటలీకి చెందిన జూలియో బిట్సోజెరో కూడా కొంతకాలం ఇతని ప్రయోగశాలలో ఉన్నాడు. రక్తంలోని ప్లేట్‌లెట్లు గడ్డ ఏర్పడడంలో ముఖ్య పాత్ర వహిస్తాయని 1882లో బిట్సోజెరో వివరించాడు.

రాజకీయాలు, నగర సేవ

1859లో విర్కో బెర్లిన్ నగర సభకు ఎన్నికై, మరణించేవరకు సభ్యుడిగా కొనసాగాడు. 1861లో జర్మన్ ప్రగతి పార్టీ స్థాపకులలో ఒకడయ్యాడు. 1862లో ప్రష్యా శాసనసభకు ఎన్నికయ్యాడు. 1880 నుండి 1893 వరకు జర్మన్ పార్లమెంటు సభ్యుడు. సైనిక వ్యయం విషయంలో ప్రధానమంత్రి బిస్మార్క్‌ను తీవ్రంగా విమర్శించేవాడు. 1865లో బిస్మార్క్ ఇతడిని ద్వంద్వ యుద్ధానికి సవాలు చేయగా విర్కో నిరాకరించాడు. ఆయుధాలుగా రెండు సాసేజ్‌లను ఎంచుకున్నాడని, అందులో ఒకటి పురుగులతో కూడినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది గాని, దానికి ఆధారం లేదు.

ఆ కథకు నేపథ్యం మాత్రం వాస్తవమే. పంది మాంసం ద్వారా మనుషులకు సంక్రమించే ట్రైకినెల్లా అనే పరాన్నజీవి జీవితచక్రాన్ని వెల్లడించిన వారిలో విర్కో ఒకడు. మాంసాన్ని సూక్ష్మదర్శినితో తనిఖీ చేయాలని ఇతడు పట్టుబట్టాడు. ఈ కృషి ఫలితంగా జర్మనీలో మాంసపు తనిఖీ విధానం అమలులోకి వచ్చింది.

బెర్లిన్ జనాభా వేగంగా పెరుగుతున్న ఆ రోజులలో మురుగునీరు వీధి కాలువల గుండా పారేది. కలరా, టైఫాయిడ్ తరచుగా వచ్చేవి. ఇంజనీరు జేమ్స్ హోబ్రెక్ట్ రూపొందించిన భూగర్భ మురుగునీటి పథకానికి విర్కో శాస్త్రీయ మద్దతు ఇచ్చి, నగర సభలో ఆమోదం పొందేలా చేసాడు. 1870 దశకంలో ఈ నిర్మాణం మొదలైంది. నగరపాలక ఆసుపత్రుల స్థాపన, పాఠశాలల ఆరోగ్యం, నర్సుల శిక్షణ కూడా ఇతని కృషిలో భాగాలు. 1891లో బెర్లిన్ నగరం ఇతడికి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. 1892లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చి గౌరవించింది.

మానవ శాస్త్రం, పురావస్తు పరిశోధన

1869లో బెర్లిన్‌లో మానవ శాస్త్ర సంఘం స్థాపనలో విర్కో ప్రధాన పాత్ర వహించాడు. 1879లో హైన్రిక్ ష్లీమన్‌తో కలిసి ట్రాయ్ త్రవ్వకాలలో పాల్గొన్నాడు. 1888లో అతనితో కలిసి ఈజిప్టు వెళ్ళాడు. ష్లీమన్ సేకరించిన పురావస్తువులు బెర్లిన్‌కు చేరడంలో ఇతని ప్రోత్సాహం ఉన్నది.

జర్మనీలో సుమారు 67 లక్షల మంది పాఠశాల పిల్లల జుట్టు, కళ్ళు, చర్మం రంగులను నమోదు చేయించి, ఫలితాలను 1886లో ప్రచురించాడు. జర్మన్లందరూ ఒకే శుద్ధమైన జాతికి చెందినవారన్న భావనకు ఆధారం లేదని ఈ సర్వే చూపించింది. యూదు వ్యతిరేక ప్రచారాన్ని విర్కో బహిరంగంగా ఖండించాడు.

పొరపాట్లు, విమర్శలు

విర్కో అభిప్రాయాలన్నీ సరైనవి కావు. వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ప్రసూతి జ్వరాన్ని చేతుల శుభ్రతతో నివారించవచ్చునని చూపించినప్పుడు విర్కో అంగీకరించలేదు. ఆ కాలంలో ఇతని మాటకు ఉన్న విలువ వలన ఈ వ్యతిరేకత సెమ్మెల్‌వైస్‌కు నష్టం కలిగించింది. సూక్ష్మజీవులే వ్యాధికి కారణమన్న సిద్ధాంతాన్ని కూడా అనుమానంతోనే చూసాడు. వ్యాధికి సామాజిక కారణాలు ఉంటాయన్న తన నమ్మకం వలన, ఒక్క సూక్ష్మజీవితో అంతా వివరించడం ఇతడికి సమ్మతం కాలేదు. డార్విన్ పరిణామ సిద్ధాంతం నిరూపణ కాలేదని వాదించాడు. 1872లో నియాండర్తల్ మానవుని అవశేషాలను పరిశీలించి, అవి వ్యాధిగ్రస్తుడైన ఆధునిక మానవునివని పొరపాటు పడ్డాడు.

1887లో జర్మన్ యువరాజు ఫ్రెడరిక్ గొంతులో నుండి తీసిన ముక్కలను పరీక్షించి వాటిలో క్యాన్సర్ కనిపించలేదని విర్కో తెలిపాడు. 1888లో చక్రవర్తి అయిన ఫ్రెడరిక్ 99 రోజుల పాలన తరువాత గొంతు క్యాన్సర్‌తోనే మరణించాడు. తనకు పంపిన ముక్క గురించి మాత్రమే విర్కో చెప్పగలిగినా, ఈ సంఘటన చాలాకాలం వివాదాస్పదంగా నిలిచింది.

చివరి రోజులు

వృద్ధాప్యంలో కూడా విర్కో పని మానలేదు. తాను సేకరించిన ఇరవై వేలకు పైగా నమూనాలతో 1899లో షారిటేలో వ్యాధి విజ్ఞాన ప్రదర్శనశాలను ప్రారంభించాడు. 1902 జనవరి 4న బెర్లిన్‌లో కదులుతున్న ట్రామ్ నుండి దిగుతూ పడిపోవడంతో తొడ ఎముక విరిగింది. ఆ తరువాత పూర్తిగా కోలుకోలేదు. 1902 సెప్టెంబరు 5న తన 80వ ఏట మరణించాడు. 1906లో బెర్లిన్‌లో ప్రారంభమైన పెద్ద నగరపాలక ఆసుపత్రికి ఇతని పేరు పెట్టారు.

పక్షవాతం చికిత్సపై ప్రభావం

విర్కో కాలంలో గడ్డను గుర్తించగలిగారు గాని, దానిని కరిగించే మందు లేదు. అది కూడా రోగి మరణించిన తరువాతనే కనిపించేది. 1933లో అమెరికాలో విలియం టిల్లెట్ స్ట్రెప్టోకైనేస్‌ను కనుగొనడంతో గడ్డను కరిగించే అవకాశం ఏర్పడింది. 1970 దశకంలో సీటీ స్కాన్ వచ్చిన తరువాత, బ్రతికి ఉన్న రోగిలోనే మెదడు రక్తస్రావాన్ని గుర్తించి, నాళం మూసుకుపోయిన రోగులను వేరు చేయడం సాధ్యమైంది.

రక్తపు గడ్డలో రెండు ముఖ్య భాగాలు ఉంటాయి. ఒకటి ఫైబ్రిన్ అనే దారాల వల. రెండవది ఒకదానికొకటి అతుక్కున్న ప్లేట్‌లెట్లు. ఆల్టెప్లేస్ వంటి మందులు ఫైబ్రిన్ వలను కరిగిస్తాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేస్తాయి. హెపారిన్, వార్ఫరిన్ వంటివి క్రొత్త ఫైబ్రిన్ ఏర్పడకుండా అడ్డుకుంటాయి. ఒక్కొక్క మందు గడ్డలో ఒక్కొక్క భాగంపై పనిచేస్తుంది గనుక వాటిని కలిపి ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుందన్న ఆలోచన సహజంగా వచ్చింది.

1995లో ప్రచురితమైన అమెరికా జాతీయ నాడీవ్యాధుల సంస్థ పరీక్షలో 624 మంది రోగులు పాల్గొన్నారు. పక్షవాతం మొదలైన 3 గంటల లోపల ఆల్టెప్లేస్ ఇచ్చిన వారు మూడు నెలల తరువాత ఎక్కువగా కోలుకున్నారు. కాని మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం 6.4 శాతం మందిలో కలిగింది. మందు ఇవ్వని వారిలో ఇది 0.6 శాతం మాత్రమే. 2008లో ఐరోపాలో జరిగిన మరొక పరీక్ష ఈ గడువును నాలుగున్నర గంటల వరకు పొడిగించవచ్చునని చూపించింది. ఆస్పిరిన్ విషయంలో 1997లో వెలువడిన రెండు పరీక్షలు కలిపి సుమారు 40,000 మంది రోగులను పరిశీలించాయి. 48 గంటల లోపల ఆస్పిరిన్ మొదలుపెట్టడం వలన స్వల్పమైనా నిశ్చితమైన ప్రయోజనం ఉన్నదని తేలింది.

విడివిడిగా మేలు చేసిన మందులు కలిపినప్పుడు అన్నిసార్లూ మేలు చేయలేదు. 1995లో ఇటలీ కేంద్రంగా జరిగిన పరీక్షలో స్ట్రెప్టోకైనేస్, ఆస్పిరిన్ కలిపి ఇచ్చిన వారిలో తొలి రోజుల మరణాలు పెరిగాయి. 2012లో నెదర్లాండ్స్ పరీక్షలో ఆల్టెప్లేస్‌తో పాటు వెంటనే ఆస్పిరిన్‌ను సిర ద్వారా ఇచ్చారు. కోలుకోవడంలో తేడా కనిపించలేదు గాని, ప్రమాదకరమైన రక్తస్రావం 1.6 శాతం నుండి 4.3 శాతానికి పెరిగింది. అందువలన 642 మంది రోగుల తరువాత ఆ పరీక్షను ఆపివేసారు. 2024లో ప్రచురితమైన అమెరికా పరీక్షలో గడ్డను కరిగించే మందుకు ఆర్గట్రోబాన్ లేదా ఎప్టిఫిబటైడ్ జోడించినా ఫలితం మెరుగుపడలేదు. 2025లో చైనా నుండి వెలువడిన పరీక్షలో మాత్రం గడ్డను కరిగించిన తరువాత టైరోఫిబాన్ ఇచ్చిన వారిలో ఎక్కువమంది బాగా కోలుకున్నారు. అయితే రక్తస్రావం కొంత పెరిగింది.

ఈ భిన్న ఫలితాలకు కారణం విర్కో పరిశీలనలలోనే కనిపిస్తుంది. ధమని మూసుకుపోయినప్పుడు దాని అవతల ఉన్న కణజాలంతో పాటు అక్కడి చిన్న నాళాల గోడలు కూడా దెబ్బతింటాయి. గడ్డ కరిగి రక్తం తిరిగి ప్రవహించినప్పుడు ఆ బలహీనమైన గోడల నుండి రక్తం మెదడులోకి చేరవచ్చు. గడ్డకట్టే శక్తిని రెండు మందులతో ఒకేసారి తగ్గిస్తే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అందుకే ఆల్టెప్లేస్ ఇచ్చిన రోగులకు సాధారణంగా 24 గంటల తరువాత, మెదడును మరల స్కాన్ చేసి రక్తస్రావం లేదని నిర్ధారించుకున్నాకనే ఆస్పిరిన్ మొదలుపెడతారు.

స్వల్పమైన పక్షవాతం వచ్చినవారి పరిస్థితి వేరు. వారిలో దెబ్బతిన్న మెదడు భాగం చిన్నది కావడం వలన రక్తస్రావ ప్రమాదం తక్కువ, మరల పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. 2013లో చైనాలో 5,170 మందిపై జరిగిన పరీక్షలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఇచ్చిన వారిలో 90 రోజులలో 8.2 శాతం మందికి, ఆస్పిరిన్ మాత్రమే తీసుకున్న వారిలో 11.7 శాతం మందికి మరల పక్షవాతం వచ్చింది. 2018లో వెలువడిన మరొక పరీక్ష ఈ ప్రయోజనాన్ని ధ్రువపరుస్తూనే, రెండు మందులను ఎక్కువ కాలం కొనసాగిస్తే శరీరంలో పెద్ద రక్తస్రావాలు పెరుగుతాయని కూడా చూపించింది. అందువలన ఈ జోడింపును సాధారణంగా మూడు వారాలకే పరిమితం చేస్తారు.

గడ్డ ఎక్కడ పుట్టిందన్న విర్కో ప్రశ్నకు వైద్యులు నేటికీ సమాధానం వెతకవలసి ఉంటుంది. గుండె లయ తప్పడం వలన గుండెలో పుట్టిన గడ్డ అయితే ఫైబ్రిన్‌ను అడ్డుకునే మందులు, మెడలోనో మెదడులోనో ధమని గోడపై పుట్టినదైతే ప్లేట్‌లెట్లను అడ్డుకునే మందులు వాడతారు. పక్షవాతం వచ్చిన రోగికి మెదడుతో పాటు గుండెను, మెడలోని ధమనులను కూడా పరీక్షించడానికి కారణం ఇదే.

ముఖ్య రచనలు

* ఎగువ సైలీషియాలో టైఫస్ వ్యాధిపై నివేదిక (1848)
* శాస్త్రీయ వైద్యంపై వ్యాసాల సంకలనం (1856) - త్రాంబోసిస్, ఎంబోలిజంపై పరిశోధనలు ఇందులో ఉన్నాయి
* కణ వ్యాధి శాస్త్రం (1858)